బీడీల చేట పక్కన కాగితం చట్రం

నిజాం జమానాలో పట్వారీల లెక్కల పుస్తకాలకు కోరుట్ల కాగితం వాడేవారు. చేత్తో తీసిన ఆ ముతక కాగితం సంగతి ఇంపీరియల్ గెజిటీర్‌లోనూ ఉంది. ఇప్పుడు వీర్నపల్లిలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు ఇంట్లో ఆ పని చేయొచ్చా? తప్పకుండా చేయొచ్చు. కానీ ఉత్త కాగితాలు అమ్మి ఇల్లు గడపాలనుకోవద్దు. మిల్లు ధరతో పోటీపడలేం.

అసలు తేడా వచ్చేది ముడిసరుకులోనే. పిల్లల పాత నోట్‌బుక్కులు, జిరాక్స్ సెంటర్లో పారేసే కాగితాలు మేలు. న్యూస్‌పేపరు వాడితే బూడిద రంగు వస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న పెళ్లి కార్డులు, ఏటీఎం చీటీలు వద్దు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర గుడ్డ పీలికలు దొరుకుతాయి కదా అనిపిస్తుంది. వాటిలో పాలిస్టరే ఎక్కువ, అది గుజ్జు కాదు. ఒక పోగు కాల్చి చూడండి. కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిదైతే నూలు, కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే పాలిస్టర్. నూలు పీలికలైనా మిక్సీలో వేయకండి. దారాలు బ్లేడుకు చుట్టుకుని మోటారు కాలుతుంది. వాటికి బీటర్ యంత్రం కావాలి.

కాగితాన్ని గోరంత ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి. పిడికెడు ముక్కలకు మిక్సీ జారు నిండా నీళ్లు పోసి, ఆపి ఆపి తిప్పండి. ఆ జారు మళ్లీ వంటకు వాడొద్దు. వడ్రంగితో ఒకే కొలతలో రెండు చట్రాలు చేయించి, ఒకదానికి దోమల జాలి బిగుతుగా కొట్టించండి. టబ్బులో గుజ్జునీళ్లు కలియబెట్టి, జాలి మీద రెండో చట్రం ఆనించి, ఏటవాలుగా ముంచి, సమంగా పైకెత్తాలి. నీళ్లు కారుతుండగానే మెల్లగా అటూ ఇటూ కదిపితే పోగులు పెనవేసుకుంటాయి. నీళ్లు దిగాక కదిపితే చిరుగుతుంది. పై చట్రం తీసేసి పాత నూలు చీర ముక్క మీద బోర్లించండి, జాలి వెనక నుంచి స్పాంజితో తడి పీల్చండి, అప్పుడు చట్రం ఎత్తండి. అలా పేర్చి, పైన పలక పెట్టి, బండరాళ్ల బరువు వేసి, తర్వాత నీడలో ఆరబెట్టాలి. మిగిలిన గుజ్జును మోరీలో పోయొద్దు, పూడుకుపోతుంది.

ఇలా తీసిన కాగితం మీద సిరా పాకుతుంది. పడుగుకు గంజి పట్టించినట్టే దీనికీ పలుచగా గంజి పూసి, ఆరాక నున్నటి గులకరాయితో రుద్దండి. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఈ పనే.

అమ్మకానికి పెళ్లిలో కట్నం చదివించే కవర్లు, చిన్న నోట్‌బుక్కులు, బట్టల దుకాణాల ధర చీటీలు చేయండి. ధర కట్టేముందు ఆ గంటల్లో ఎన్ని బీడీలు చుట్టేవారో లెక్కేయండి. ఆ కూలి కూడా రాని వస్తువును మానేయండి. ఆర్డర్లు నిలకడగా వచ్చేదాకా చేట పక్కన పెట్టొద్దు, అప్పు చేయొద్దు.

యంత్రం కొనే దశకొస్తే ఖాదీ కమిషన్ చూసే పీఎంఈజీపీ పథకం గురించి అడగండి. దాని నిబంధనల్లో పల్లెల్లోని మహిళలకు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. బీటర్ కొనేముందు, జైపూర్ దగ్గర సాంగనేర్‌లోని కుమారప్ప జాతీయ చేతి కాగితం సంస్థలో శిక్షణ సంగతీ విచారించండి.