సందేహాలు – సమాధానాలు: రెక్కలకు ఇంధనం

సందేహం: వానలు తగ్గుముఖం పట్టాక ఆర్కే బీచ్‌లో తూనీగలు వాలకుండా గంటల తరబడి ఎగురుతుంటాయి. అంత ఓపిక ఎక్కడిది?
– ఒక పాఠకురాలు, గాజువాక

సమాధానం: పసుపు రంగువైతే అవి బహుశా పాంటాలా ఫ్లావిసెన్స్ తూనీగలు. నాలుగున్నర సెంటీమీటర్ల ఈ జీవి సముద్రాలు దాటుతుంది. చెరువులు దాదాపు లేని మాల్దీవుల్లో ఏటా అక్టోబరులో గుంపులుగా దిగుతుంది. ఇవి భారత్ నుంచి గాలివాటున తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించారు. ఇంత దూరానికి ఇంధనం ఒంట్లోని కొవ్వు. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది. పైగా పిండిపదార్థాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటే దాంతోపాటు నీటినీ మోయాలి. గాలి సాయం లేకుండా కొవ్వొక్కటే చాలదనుకోండి.

సందేహం: మిడత పిల్లకు లేని నేర్పు, కొవ్వుతో ఎగిరే నేర్పు, పెద్దయ్యాక ఎలా వస్తుంది?
– డిగ్రీ విద్యార్థి, ఎం.వి.పి. కాలనీ

సమాధానం: చివరి కుబుసం విడిచిన రోజు మిడతకు రెక్కలుంటాయి గానీ దూరం పోలేదు. ఒంటిపై పెంకు ఇంకా మెత్తన. తర్వాతి రోజుల్లో కండరం బలుస్తుంది, మైటోకాండ్రియా పెరుగుతాయి. అసలు విశేషం ఇంకోటుంది. కొవ్వు ఆమ్లాలు నీటిలో సరిగా కరగవు. కణం లోపల వాటిని మైటోకాండ్రియా దాకా మోసుకెళ్లే ప్రోటీన్ కావాలి. పిల్లల కండరంలో అది కనిపించదు. రెక్కలొచ్చాకే తయారవడం మొదలై, రెండు వారాల్లోపు కణద్రవంలోని ప్రోటీన్లలో దాదాపు ఐదో వంతుకు చేరుతుంది. మన గుండె కండరంలోనూ దీని బంధువే పనిచేస్తుంది.

ఎదిగిన మిడత ఎగరగానే ముందు ఖర్చయ్యేది రక్తంలోని ట్రెహలోజ్ చక్కెర. ఈలోగా మెదడు వెనకున్న గ్రంథి అడిపోకైనెటిక్ హార్మోనును వదులుతుంది. అది కడుపులోని కొవ్వు నిల్వల్ని కదిలిస్తే, అరగంటకల్లా కొవ్వే ప్రధాన ఇంధనం. ఈ హార్మోను నిర్మాణం 1976లో మిడతల్లోనే తేలింది. పరీక్షలో దీని పేరొక్కటే రాసి ఊరుకోకండి. మోసే ప్రోటీన్ లేకపోతే, హార్మోను ఎంత కొవ్వు పంపినా కండరానికి అక్కరకు రాదు.

సందేహం: తొలకరి ఉసుళ్లు వేయిస్తే నూనె వేయకుండానే జిడ్డు తేలుతుంది. అవీ అంత దూరం ఎగురుతాయా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

సమాధానం: లేదు, కాసేపే. ఆ కొవ్వు కాపురం కోసం. రెక్కలు రాల్చుకున్న జంట మట్టిలో దూరి, తొలి పనిచెదలు ఎదిగి మేత తెచ్చేదాకా ఆ నిల్వతోనే పిల్లల్ని సాకుతుంది. ఇక పనిలేని ఎగిరే కండరాల్ని కూడా కరిగించి వాడేసుకుంటుంది.