మంచినీటి చేపల చర్మం: సూక్ష్మ నిర్మాణం, గాయాల తీరు

వల నుంచి తీసిన చేపకు పొలుసు ఒక్కటీ ఊడలేదు కనుక దెబ్బ తగలలేదని రైతు భావించడం సహజం. సూక్ష్మదర్శిని కింద చర్మపు అడ్డుకోతను పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. పొలుసు చేపకు అన్నిటికంటే వెలుపలి కవచం కాదు. దానిపై కూడా సజీవ కణాల పొర పరచుకొని ఉంటుంది.

ఈ పొరే బాహ్యచర్మం. బొచ్చె, శీలావతి వంటి కార్పు చేపలలో ఇది అనేక వరుసల కణాలతో ఏర్పడుతుంది. అడుగు వరుస కణాలు ఆధార పటలంపై నిలిచి ఉంటాయి. పైకి పోయేకొద్దీ కణాలు బల్లపరుపుగా మారతాయి. మానవ చర్మంలో పైకి చేరిన కణాలు కెరాటిన్‌తో నిండి మరణిస్తాయి. చేపలో, కొన్ని ప్రత్యేక భాగాలు మినహా, నీటిని తాకే కణం కూడా సజీవమే. పంటల శాస్త్ర విద్యార్థికి ఇక్కడ ఆకు బాహ్యచర్మం గుర్తుకు రావచ్చు. అయితే ఆకుకు అవభాసిని రక్షణ ఉంది. చేపకు ఆ స్థానంలో ఉన్నది జిగురు మాత్రమే.

జిగురును స్రవించే శ్లేష్మ కణాలు లోపలి వరుసలలో రూపొంది, పైకి చేరి, ఉపరితలంపై తెరుచుకుంటాయి. ఆల్షియన్ బ్లూ వర్ణకంతో వీటిని సులభంగా గుర్తించవచ్చు. జిగురులో గ్లైకోప్రోటీన్లతో పాటు లైసోజైమ్, ప్రతిరక్షకాలు ఉంటాయి. గద కణాల తీరు వేరు. అవి ఉపరితలానికి తెరుచుకోవు. చర్మం చిట్లినప్పుడే వాటిలోని పదార్థం నీటిలో కలుస్తుంది. గాయపడిన చేప చర్మం నుంచి వెలువడే పదార్థానికి తోటి చేపలు బెదరడాన్ని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1938లో మిన్నో చేపలలో వర్ణించారు. తేనెటీగల శాస్త్రజ్ఞుడిగానే ఆయన మనకు ఎక్కువ పరిచయం. పొలుసులు లేని మార్పు చేపలో బాహ్యచర్మం మందంగా, పెద్ద గద కణాలతో నిండి కనిపిస్తుంది.

దిగువనున్న అంతశ్చర్మంలో కొల్లాజెన్ తంతువులు, రక్తనాళాలు, వర్ణక కణాలు ఉంటాయి. పొలుసులు ఇందులోని సంచులలో నాటుకొని, ఇంటి పెంకుల వలె ఒకదానిపై ఒకటి వాలి ఉంటాయి. కనుక పొలుసు ఊడిందంటే బాహ్యచర్మం చిరిగి, ఆ సంచి తెరుచుకుందని అర్థం.

మంచినీటి చేప రక్తంలో లవణ సాంద్రత చుట్టూ ఉన్న నీటికంటే ఎక్కువ. చర్మం చిరిగిన చోట నీరు లోపలికి చేరుతుంది, లవణాలు బయటికి పోతాయి. ఏరోమోనాస్ వంటి బ్యాక్టీరియాకూ అదే దారి. 1988లో భారతదేశంలో కనిపించి కొర్రమీనును తీవ్రంగా పీడించిన పుండ్ల వ్యాధిలో అఫనోమైసిస్ సిద్ధబీజాలు దెబ్బతిన్న బాహ్యచర్మంపై మొలకెత్తుతాయి. వాటి తంతువులు కండరాల వరకు చొచ్చుకుపోతాయి. చేప పేను పొడిచిన గాయమూ వ్యాధికారకాలకు ప్రవేశమార్గమే.

పైపై గీతలను పక్కనున్న కణాలు, విభజన కోసం వేచి ఉండక, జరిగివచ్చి త్వరగా కప్పివేస్తాయి. అంతశ్చర్మం వరకు దిగిన గాయం మానడానికి చాలా కాలం పడుతుంది. కొల్లేరు పరిసర చెరువులలో నమూనా పట్టుబడి జరిపే విస్తరణ సిబ్బంది ముడులు లేని వల వాడాలి, చేతులు తడిపి చేపను పట్టుకోవాలి, ఎండ ముదరక ముందే పని ముగించాలి. పరిశీలనలో ఊడిన పొలుసులను లెక్కించడంతో సరిపెట్టక, జిగురు తుడుచుకుపోయి మసకబారిన చోట్లను కూడా నమోదు చేయాలి.