మనం వెళ్లేది పిల్లల కోసమా, మన కోసమా?

వీడియోలో దానం గురించి చెప్పుకున్నాం కదా, దానికో ఉదాహరణ.

కంబోడియాలోని అనాథాశ్రమాలకి విదేశీ చర్చిల నుంచి యువత వారం, పది రోజుల సేవకి వెళ్లేవారు. మనసు మంచిదే. కానీ 2005-2010 మధ్య అక్కడ ఆశ్రమాలు 75 శాతం పెరిగాయని యునిసెఫ్ చెప్పింది. పిల్లల్లో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు! విరాళాల కోసం పేద ఇళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి చేర్చిన చోట్లూ ఉన్నాయి. వారానికో కొత్త అక్క దగ్గరవుతుంది, వెళ్లిపోతుంది. పిల్లలకి మళ్లీ మళ్లీ ఎడబాటే. ఇది గమనించి కొన్ని క్రైస్తవ సంస్థలే ఇప్పుడు కుటుంబాలకి అండగా ఉందామంటున్నాయి.

గీత 17వ అధ్యాయం, 20వ శ్లోకం చెప్పేదీ ఇదే: చోటు, సమయం, పాత్రత చూసి, తిరిగి ఏమీ ఆశించకుండా ఇవ్వాలి. ఆశ్రమంలో బర్త్‌డే కేక్ కోసి సెల్ఫీ పెట్టేముందు ఆలోచిద్దాం. ఓ పిల్లాడి ఫీజు కట్టి, వాణ్ని అమ్మ దగ్గరే ఉంచగలిగితే ఫొటో ఉండదు. కానీ అదీ సేవ!