పడిపోయిన తోట తలుపు

పఠింపవలసిన భాగములు: నిర్గమకాండము 21:33, 34, నెహెమ్యా 2, 3 అధ్యాయములు



2022వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీ రాత్రి మాండౌస్ తుఫాను మహాబలిపురము దగ్గర తీరము దాటెను. ఆ గాలివాన మన తిరుపతి, చిత్తూరు జిల్లాలను కూడ తాకెను. తెల్లవారి చూడగా, మా పెరటితోట చెక్కతలుపు స్తంభముతో సహా నేలకొరిగి యుండెను. పశువులు ఆ దారిన జొరబడి, మా తోట దాటి, ఆవలనున్న ఒక విధవరాలి వంగమడిని మేసిపోయినవి. ఆ మడియే ఆమెకు జీవనాధారము.

"గాలివానకు మీరేమి చేస్తారు, అయ్యగారూ?" అని ఆమెయే మమ్మును ఓదార్చెను. ఆ మాటను ఆసరాగా చేసికొని ఊరకుండుటకు మాకు మనసు ఒప్పలేదు. ఏలయనగా ఆ తలుపు రెండు నెలలనుండి వ్రేలాడుచుండెను. దానిని త్రాటితో కట్టి, క్రిస్మసు అయిన తరువాత చూచుకొందమని అనుకొంటిమి.

వడ్రంగి వచ్చి మొదట విరిగిన పలకలను చూడలేదు. స్తంభము మొదలును చూచెను. పైకి గట్టిగా కనబడిన ఆ వేపకొయ్య నేలమట్టమున చెదలు పట్టి, తేమకు కుళ్లి, చేతితో నలిపిన పొడియయ్యెను. తుఫాను దానిని కుళ్లింపలేదు. కుళ్లును బయటపెట్టెను, అంతే. మరియు తలుపునకు అడ్డముగా కొట్టిన ఏటవాలు చెక్క తలక్రిందులుగా నున్నదని అతడు చూపెను. దాని క్రింది కొన బందులవైపున, పై కొన గడియవైపున ఉండవలెను. అప్పుడే తలుపు బరువు ఆ చెక్కమీదుగా స్తంభమునకు చేరును. తిరుగవేసినయెడల బరువంతయు మేకులను లాగును. తలుపు దినదినము క్రిందికి జారును.

తడిసిన పలకలను నీడలో ఆరబెట్టితిమి. క్రొత్త స్తంభములో మూడవవంతు గోతిలోనికి పోవునట్లు త్రవ్వి, అడుగున నీరు నిలువకుండ గులకరాళ్లు పోసి, చుట్టును రాళ్లు, మన్ను వేసి దిమ్మిస చేసితిమి. మేకులకు బదులు మరమేకులు బిగించితిమి.

ఇక వాక్యమును చూతము. గోతిని త్రవ్వి కప్పకుండ విడిచినవాడు, ఎద్దు అందులో పడి చచ్చినయెడల, దాని వెల చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. అతడు ఎద్దును త్రోయలేదు. చేయవలసిన పని చేయలేదు. అదియే అతని అప్పు. ఈ మాట మమ్మును పట్టుకొనెను. వంగతోట వెల లెక్క కట్టించి ఆమెకిచ్చితిమి. మొదట ఆమె వద్దనెను. ఇది దానము కాదమ్మా, అప్పు అని చెప్పిన తరువాత తీసికొనెను.

నెహెమ్యా కూడ పని ఆరంభింపకమునుపు, రాత్రివేళ బయలుదేరి, పడిన గోడలను, కాలిన గుమ్మములను స్వయముగా పరిశీలించెను. ఆ పిమ్మట అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగానున్న భాగమును బాగుచేసిరి. ఒక ప్రదేశమునకు అధిపతియైన మల్కీయా పెంటగుమ్మమును బాగుచేయుటకు సిగ్గుపడలేదు. ఇట్లు ఏబదిరెండు దినములలో ప్రాకారము ముగిసెను. తన గుమ్మము తనకొరకే కాదు, పట్టణమంతటి కొరకని వారెరిగిరి.

అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు తుఫానుల కాలము. సెప్టెంబరులోనే తలుపు స్తంభమును ఒకసారి చేతితో కదిపి చూడుడి. అట్లే మన యింటిలోను, సంఘములోను త్రాటితో కట్టి వాయిదా వేసిన పని ఏది?

ఆలోచింపుడి:
1. మన అశ్రద్ధవలన పొరుగువానికి కలిగిన నష్టమును తుఫానుమీద, కాలముమీద త్రోసివేసిన సందర్భము కలదా?
2. క్షమాపణ అడుగుటతో తీరక, వెల చెల్లించినగాని తీరని అప్పు మనకేదైన మిగిలి యున్నదా?