బిడ్డల యోర్పు – పెద్దల మాట

చదువునకు బుద్ధి యెంత ముఖ్యమో యోర్పును నంత ముఖ్యము. ఈ యోర్పు బిడ్డలకు పుట్టుకతోడనే వచ్చునా, పెద్దల నడవడివలన నలవడునా యని మనము విచారింతము.

అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున వాల్టరు మిషెల్ అను పండితుడు 1960వ దశాబ్దమున చిన్నబిడ్డల యెదుట తినుబండారము నుంచి, తినక వేచియున్నచో నెక్కువ యిత్తునని పరీక్షించెను. ఓర్చినవారు పిమ్మట చదువులో మెరుగుగానుండిరని 1990లో ప్రకటింపబడెను. కాని 2018లో 900కు మించిన పిల్లలను పరిశీలించి, కుటుంబస్థితిగతులను గూడ లెక్కించినప్పుడు, ఆ సంబంధము మిక్కిలి తగ్గినది.

రాచెస్టరు విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిన పరీక్ష చిన్నదైనను గమనింపదగినది. 28 మంది బిడ్డలకు మంచి రంగుబలపములు తెత్తుమనిరి. సగముమందికి తెచ్చిరి, తక్కినవారియెడ మాట తప్పిరి. పిదప మిఠాయి నెదుట నుంచగా, మాట చెల్లినవారు 14 మందిలో 9 మంది పూర్తిగా 15 నిమిషము లోర్చిరి. మాట తప్పబడిన 14 మందిలో నొక్కరే యోర్చిరి.

కావున నోర్పులేదని బిడ్డను దూషించుటకు ముందు, వానికిచ్చిన మాటలలో నెన్నింటిని చెల్లించితిమో మనము లెక్కించుకొనవలెను. “రేపు కొనిపెట్టెదను” అని యేడ్పు మాన్పి మరచుట స్వల్పవిషయము కాదు. చదువు ఫలము దూరమున నుండునది. పెద్దల మాట నమ్మగల బిడ్డకే దానికై వేచియుండుట సులభమగును.