బూటు కాని సీడీ – మేము నేర్చుకున్న పాఠం



పెందుర్తి హాస్టల్లో మేము చదువుకునే రోజుల్లో స్టడీ హాలు మూలన ఒక పాత కంప్యూటరు ఉండేది. ఒకరోజు అది ఆన్ అవుతోంది గానీ విండోస్ రావడం మానేసింది. కొత్తగా ఎక్కిద్దామని సీడీ పెడితే, బూట్ డిస్కు పెట్టమని నల్లటి తెర మీద ఒకే మాట. విశాఖలో ఒక షాపుకు మోసుకెళ్తే "మదర్‌బోర్డు పోయింది, పాత ఇనుముకి వేసేయండి" అన్నారు. వార్డెన్ గారు మాత్రం "కారణం తెలియకుండా పారెయ్యకండిరా" అన్నారు. ఆ కారణం వెతుకుతూ నేర్చుకున్నదే ఈ పాఠం.

మొదట అదే సీడీని ఇంకో కంప్యూటరులో పెట్టి చూడాలి. అక్కడా బూటు కాకపోతే తప్పు సీడీదే. మా సీడీ తెరిస్తే లోపల ఒకే ఒక ఐఎస్ఓ ఫైలు ఉంది. దాన్ని మామూలు ఫైలులా కాపీ చేస్తే బూటు కాదు. 'ఇమేజ్'గా, తక్కువ వేగంతో రైట్ చేయాలి. సీడీలో పట్టేది 700 ఎంబీ, డీవీడీలో 4.7 జీబీ. పాత సీడీ డ్రైవు డీవీడీని చదవలేదు.

సరిగ్గా రైట్ చేసినా మా కంప్యూటరు మళ్ళీ మొరాయించింది. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్ళి చూశాం. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయింది. బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ, అంటే 3 వోల్టుల సెల్లు, అయిపోయింది. దాంతో మేము పెట్టిన బూట్ వరుస చెరిగిపోతోంది. సెల్లు మార్చి సీడీని మొదట పెట్టాం. ఏదైనా కీ నొక్కమని అడిగిన కొద్ది క్షణాల్లోనే నొక్కాలి. యూఎస్‌బీ కీబోర్డు పలకకపోతే గుండ్రటి పిన్ను కీబోర్డు పెట్టండి.

ఈసారి సీడీ బూటయింది! ఆ సంబరంలో ఫార్మాట్ కొట్టేశాం. అన్నయ్యలు టైపు చేసి దాచిన పదో తరగతి బిట్ బ్యాంకు మొత్తం పోయింది. ఆ రాత్రి ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

అదే లైవ్ సీడీ ఉంటే, హార్డ్ డిస్కును ముట్టకుండానే బూటు చేసి ఫైళ్ళు బయటికి తీసుకునేవాళ్ళం. 2005 నుంచి 2011 వరకు ఉబుంటు సీడీలను పోస్టులో ఉచితంగా పంపేవారు. ఆ సంగతి మాకు తెలియదు.

ఇప్పటి మాట కూడా చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. 32 బిట్ల ప్రాసెసరు మీద 64 బిట్ల సీడీ పనిచేయదు. 2023లో వచ్చిన డెబియన్ 12కి 32 బిట్ల ఇన్‌స్టాలరు ఉంది, 2025లో వచ్చిన 13కి లేదు. కాబట్టి సీడీ రైట్ చేసే ముందే ప్రాసెసరు ఏదో చూసుకోండి.

తమ్ముళ్ళూ, వరుస మరవకండి: ముందు సీడీ, తర్వాత డ్రైవు, ఆపైన బయోస్, సెల్లు, ప్రాసెసరు. అన్నిటికన్నా ముందు మాత్రం ఫైళ్ళు దాచుకోవడం. కంప్యూటరు పోతే ఇంకొకటి వస్తుంది, అన్నయ్యల రాత మాత్రం తిరిగి రాలేదు.