భాగ్యనగరపు మిఠాయి వీధులు

ఉద్దేశం: ఒక మహానగరంలోని తీపి పదార్థాల ద్వారా అక్కడి ప్రజల జీవనాన్ని, చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయడం.

హైదరాబాదుకు వచ్చినవారు చార్మినారును, గోల్కొండ కోటను, సాలార్‌జంగ్ మ్యూజియాన్ని తప్పక చూస్తారు. తిరుగు ప్రయాణంలో వారి సంచిలో ఒక బిస్కెట్ల డబ్బానో, మిఠాయి పొట్లమో ఉండనే ఉంటుంది. ఇంత పెద్ద నగరంలో మంచి తీపి పదార్థం ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే దుకాణాల పేర్లే కాక, నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారి కథ కూడా తెలుస్తుంది.

ముందుగా పాతబస్తీకి వెళ్ళాలి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినారు చుట్టుపక్కల, తెల్లవారకముందే బేకరీల బట్టీలు వేడెక్కుతాయి. ఇరాన్ దేశం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఈ నగరంలో తేనీటి హోటళ్ళు తెరిచాయి. ఆ చాయ్‌కి తోడుగా పేరు పొందినది ఉస్మానియా బిస్కెట్. మైదా, వెన్న, పాలు, చక్కెర, కొద్దిగా ఉప్పు కలిపి దీన్ని చేస్తారు. మొదట తీపి, వెంటనే కాస్త ఉప్పదనం నాలుకకు తగలడం దీని ప్రత్యేకత. 1911 నుంచి 1948 వరకు పాలించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద దీనికి ఆ పేరు వచ్చింది. చార్మినారు పక్కనున్న నిమ్రా కేఫ్, నాంపల్లిలోని సుభాన్ బేకరీ ఈ బిస్కెట్లకు ప్రసిద్ధి పొందాయి. బట్టీలోంచి తీసిన కొద్దిసేపటికే తింటే దీని రుచి బాగా తెలుస్తుంది.

బేకరీలో తయారయ్యే రొట్టె నుంచే మరో తీపి పుట్టింది. పిండిలో కలిపిన ఈస్ట్ వల్ల వాయువు పుట్టి ముద్ద పొంగుతుంది. అలా పొంగిన రొట్టెకు 'డబల్ రొట్టె' అని పేరు. దాని ముక్కలను నేతిలో ఎర్రగా వేయించి, చక్కెర పాకంలోను, చిక్కని పాలలోను నానబెడతారు. పైన ఏలకుల పొడి, కుంకుమపువ్వు, బాదం, జీడిపప్పు చల్లుతారు. ఇదే 'డబల్ కా మీఠా'. పెళ్ళి విందులలో దీని సరసన 'ఖుబానీ కా మీఠా' ఉంటుంది. ఖుబానీ చలిప్రదేశాలలో పండే పండు. దక్కను ఎండలకు ఆ చెట్టు పెరగదు. అయినా దూరప్రాంతాల నుంచి వచ్చే ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, గింజలు తీసి, చక్కెరతో ఉడికించి, పైన మీగడ వేసి వడ్డిస్తారు. ఆ గింజలను పగలగొట్టి లోపలి పప్పును కూడా తీపి మీద అలంకరిస్తారు. ఎక్కడో పండిన పండు హైదరాబాదు విందుకు గుర్తుగా మారింది.

నగరం నడిబొడ్డున మొజంజాహీ మార్కెట్ ఉంది. నిజాం రెండవ కుమారుడైన మొజంజా పేరు మీద 1935లో దీన్ని రాతితో నిర్మించారు. ఇక్కడి హమీదీ దుకాణంలో 'జౌజీ హల్వా' అమ్ముతారు. మొలకెత్తించిన గోధుమల పిండి, పాలు, నెయ్యి, చక్కెర కలిపి చాలా గంటలపాటు సన్నని మంట మీద కలియబెడుతూ దీన్ని చేస్తారు. ఈ దుకాణాన్ని తుర్కీ దేశం నుంచి వచ్చిన వ్యాపారి స్థాపించాడని చెబుతారు.

ఆ మార్కెట్ దగ్గరే కరాచీ బేకరీ ఉంది. 1947లో దేశ విభజన జరిగినప్పుడు సింధు ప్రాంతం నుంచి లెక్కలేనంతమంది కట్టుబట్టలతో భారతదేశానికి వచ్చారు. వారిలో ఖాన్‌చంద్ రామ్‌నాని ఒకరు. ఆయన 1953లో ఈ బేకరీని ప్రారంభించి, తాను వదిలి వచ్చిన నగరం పేరును దానికి పెట్టుకున్నారు. ఊరు చేజారినా పేరు ఆయనతోనే వచ్చింది. పండ్ల ముక్కలు వేసి ఇక్కడ చేసే ఫ్రూట్ బిస్కెట్లు ఇప్పుడు హైదరాబాదు కానుకలుగా దేశమంతటా తిరుగుతున్నాయి.

తెలుగువారి మిఠాయిలకు కూడా ఈ నగరంలో గొప్ప స్థానం ఉంది. 1948లో కర్నూలులో మిఠాయి వ్యాపారం ప్రారంభించిన జి.పుల్లారెడ్డి నేతి మిఠాయిలకు పేరు తెచ్చారు. తరువాత హైదరాబాదులో దుకాణాలు తెరిచారు. సంపాదించిన దానిలో కొంత విద్యాసంస్థలకు వినియోగించారు. గోదావరి తీరాన ఉన్న ఆత్రేయపురం నుంచి పూతరేకులు నగరానికి వస్తాయి. బోర్లించిన వేడి కుండ మీద పలుచని బియ్యపు పిండిని గుడ్డతో పూస్తే కాగితం కంటె పలుచని రేకు లేస్తుంది. పూత పూసిన రేకు కనుక అది పూతరేకు. దానిలో నెయ్యి, బెల్లం పొడి లేదా చక్కెర వేసి మడుస్తారు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది.

మంచి మిఠాయిని ఎంచుకోవడానికి పెద్ద బోర్డు ఆధారం కాదు. ఏ దుకాణం ఏ పదార్థానికి పేరు పొందిందో తెలుసుకొని, అక్కడ దాన్నే కొనాలి. సరుకు త్వరగా అమ్ముడయ్యే చోట నిన్నటి పదార్థం మిగలదు. పాలతోను, కోవాతోను చేసినవి తేమ వల్ల త్వరగా పాడవుతాయి. వాటిని వెంటనే తినాలి. బిస్కెట్లు పొడిగా ఉంటాయి కనుక ఎక్కువ రోజులు నిలుస్తాయి. విడిగా అమ్మే మిఠాయిలను ఏ తేదీలోగా తినాలో దుకాణంలో ప్రదర్శించాలని 2020 అక్టోబరు 1 నుంచి నియమం వచ్చింది. ఆ తేదీ చూసి కొనడం మంచి అలవాటు.

ఒక ఊరి నుంచి మరొక ఊరికి వెళ్ళి స్థిరపడేవారు వంటను, భాషను తమతో తీసుకుపోతారు. తెలుగువారి బొబ్బట్టు కర్ణాటకలో హోళిగెకు, తమిళనాడులో బోళికి, మహారాష్ట్రలో పూరణ్‌పోళికి తోబుట్టువు. పక్కింటి పేరు నేర్చుకున్నంత మాత్రాన మన పేరును మరవనక్కరలేదు. ఇంట్లో బొబ్బట్టు అని పిలిచి, పొరుగింట హోళిగె అని అడిగి తినే పిల్లలకు రెండు ఇళ్ళలోనూ చోటు ఉంటుంది. హైదరాబాదు మిఠాయి వీధులు నేర్పేది కూడా ఇదే: వచ్చినవారు తమ రుచిని దాచుకోలేదు, ఉన్నవారు దాన్ని కాదనలేదు.

అభ్యాసం

అ) పదాలు – అర్థాలు
బట్టీ = బేకరీలో రొట్టెలు కాల్చే పెద్ద పొయ్యి
నడిబొడ్డు = మధ్యభాగం
సరసన = పక్కన
కట్టుబట్టలతో = ఒంటిమీది బట్టలు తప్ప మరేమీ లేకుండా

ఆ) ప్రశ్నలు – జవాబులు రాయండి.
1. ఉస్మానియా బిస్కెట్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?
2. 'ఊరు చేజారినా పేరు ఆయనతోనే వచ్చింది' – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
3. పూతరేకును ఎలా తయారు చేస్తారు?
4. పాలతో చేసిన మిఠాయిలను వెంటనే ఎందుకు తినాలి?

ఇ) విడదీసి, సంధి పేరు రాయండి.
ఉదా: దేశమంతటా = దేశము + అంతటా (ఉకారసంధి)
1. ప్రత్యేకత 2. ఎక్కడెక్కడ

ఈ) ప్రాజెక్టు పని
మీ ఊరిలో పేరు పొందిన ఒక తీపి పదార్థం గురించి పెద్దలను అడిగి తెలుసుకోండి. దాన్ని తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను ఏమని పిలుస్తారో, ఎలా చేస్తారో పది వాక్యాలలో రాయండి.